పన్ను మీద పన్ను

ఇగరాషి కొజుయెకు పై వరసలో ఎడమ పక్కన పన్ను మీద పన్ను ఉండేది. ఇది ప్రభుత్వం వేసింది కాదు. అయినా ముప్పై దాటేదాకా ఆమె దాన్ని కడుతూనే వచ్చింది.

ఇక్కడి జపాను భాషలో అటువంటి పంటికి మంచి పేరే ఉంది. రెక్క మీద రెక్క వేసి ముద్దగా పూసే చెర్రీ పువ్వును ఏ మాటతో పిలుస్తారో, ఈ పంటినీ ఆ మాటతోనే పిలుస్తారు. ముద్దమందారం ఉన్నట్టే ముద్దపన్ను అన్నమాట. వంకర పంటికి ఇంత మర్యాద చేసిన భాష మరొకటి ఉందో లేదో నాకు తెలియదు. దురదృష్టమేమిటంటే కొజుయె పుట్టింది భాష కడుపున కాదు, ఇగరాషి తొమియొ అనే ఇల్లాలి కడుపున. ఆ ఇల్లాలికి కవిత్వం పడదు.

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవే," అనేది తొమియొ, కూతురు నవ్వినప్పుడల్లా. "ఆ కోర చూసి ఎవరన్నా జడుసుకుంటారు."

ఆడపిల్ల నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఇక్కడ మామూలే. తల్లులందరూ నేర్పుతారు, కూతుళ్ళు కొంతమంది వింటారు, కొంతమంది గుర్తొచ్చినప్పుడు పాటిస్తారు. కొజుయె మాత్రం చెప్పిన మాట విన్నది. ఎంత బాగా విన్నదంటే, పదేళ్ళు వచ్చేసరికి ఆమె కుడి చేతికి నవ్వు సంగతి ఆమెకన్నా ముందే తెలిసిపోయేది.

ఊరు త్సుబామె. ఆ ఊళ్ళో చెంచాలు చేస్తారు. తండ్రి ఇగరాషి ఓ చిన్న కార్ఖానాలో తిరిగే చక్రానికి చెంచాను ఆనించి, అద్దంలా మెరిసేదాకా మెరుగు పెట్టేవాడు. ఆయన మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. చక్రం హోరులో ఆయన మాట్లాడినా వినపడదు, ఇంటికొచ్చాక అలవాటు తప్పిపోయేది. గీత పడినవీ, మెడ వంగినవీ, అమ్మకానికి పనికిరాని చెంచాలన్నీ ఇంటికి చేరేవి. అటువంటి ఇంట్లో పెరిగే ఆడపిల్లకు తన మొహాన్ని తప్పించుకునే దారి లేదు. పుల్లలు పక్కన పెట్టి చెంచాతో కూరన్నం తినే రోజున, దాని వీపులో చూస్తే పన్ను ఉబ్బి ముందుకు దూకేది. గుంటలో చూస్తే అదే పన్ను తలకిందులుగా వేలాడేది. కొజుయె అన్నం తొందరగా తిని లేవడం నేర్చుకుంది.

పద్దెనిమిదో ఏట కుట్టుపని బడిలో చేరడానికి టోక్యో వచ్చింది. తొంభైల చివరి రోజులు. ఆదివారం హరాజుకు అనే పేట వీధిలోకి రావడమంటే అప్పట్లో సింగారించుకుని షికారుకు రావడం కాదు, కొలువుకు రావడం. ఒకడు టీ కెటిల్‌ను చంకకు తగిలించుకుని అదే సంచీ అనేవాడు. ఒక పిల్ల జుట్టు కనపడకుండా తలనిండా క్లిప్పులే పెట్టుకునేది. ఒక పెద్దమనిషి బొమ్మ ఆక్టోపస్‌ను టోపీగా పెట్టుకుని, ఎనిమిది కాళ్ళూ భుజాల మీద సర్దుకుంటూ, ఎంతో బాధ్యత గలవాడిలా నడిచేవాడు. ఒకరిని చూసి మరొకరు ఆశ్చర్యపోయేవారు కాదు. ఆశ్చర్యపోవడం పల్లెటూరి పని. పైకి ఎంత నిర్లక్ష్యంగా నడిచినా, అందరూ ఓరకంట వెతికేది ఒక్క మనిషినే. ఆయన పేరు కుసునొకి.

కుసునొకి ఓ చిన్న మాసపత్రికకు వీధిలో ఫోటోలు తీసేవాడు. ఆ పత్రికలో కథలుండవు, వ్యాసాలుండవు. పేజీకొక మనిషి, కింద పేరు, వయసు, ఒంటి మీదున్నది ఎక్కడిదో రెండు ముక్కలు. అంతే. ఆ పేజీలో పడ్డవాళ్ళకు సోమవారం నుంచి నడక మారిపోయేది. కొజుయెకు కావలసింది అటువంటి పేజీ ఒక్కటి. ఆమె దేవుణ్ణి అంతకు మించి మరేదీ అడిగిన దాఖలా లేదు.

అడగడానికి కావలసిన అర్హత కూడా సంపాదించుకుంది. ఇంటికి ఫోన్ చేసి పనికిరాని చెంచాలు పంపమంటే, తండ్రి పెట్టెడు పంపాడు. కాడ చివర చిల్లి కావాలందని ఒక్కోదానికీ చిల్లి పొడిచాడు. పైగా పారేసే సరుకని చూడకుండా అన్నిటికీ మళ్ళీ మెరుగు పెట్టాడు. ఎందుకని మాత్రం అడగలేదు. కొజుయె వాటిని నల్ల లంగా నడుము నుంచి అంచుదాకా చేపపొలుసుల్లా కుట్టింది. అది కట్టుకుని నడిస్తే హోటల్ వెనకాల అంట్లు తోముతున్నట్టు చప్పుడు. ఎండలో కళ్ళు చెదిరేవి.

"నీతో నడవాలంటే చెవుల్లో దూది పెట్టుకోవాలే," అంది మకాబె రిత్సుకో. రిత్సుకోది బడిలో పక్క మిషను. యొకొహామా పిల్ల. కలుపుగోలు మనిషి, పళ్ళు పియానో మెట్లలా ఉండేవి. కొజుయెకు టోక్యోలో దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు.

తొలి ఆదివారమే ఫలితం కనిపించింది. క్రేపులనే తీపి అట్లు అమ్మే కొట్టు మలుపు దగ్గర రిత్సుకో ఏదో జోకు వేసింది. కొజుయె నవ్వుతూ మలుపు తిరిగింది. ఎదురుగా వస్తున్న కుసునొకి ఆగాడు.

"ఒక్క నిమిషం అమ్మాయ్. ఫోటో తీసుకోవచ్చా?"

కొజుయె తల ఊపింది.

"చెంచాలెక్కడివి?"

"మా నాన్న పనిచేసే చోటండీ. పనికిరానివి."

"బాగుంది. ఇందాక నవ్వుతూ వచ్చావు చూడు, అలాగే నవ్వు."

కొజుయె నవ్వింది. చెయ్యి లేచింది.

"చెయ్యి తియ్యి."

తీసింది. నవ్వు కూడా చేతితోపాటే దిగిపోయింది.

"అబ్బే, నవ్వమ్మా."

నవ్వింది. చెయ్యి వచ్చింది.

"పంటి నొప్పా?"

"కాదండీ. అలవాటు."

ఇలా కొంతసేపు జరిగింది. ఇంతలో సూర్యుడు ఎదుటి మేడ వెనక్కి పోయాడు. కుసునొకి కెమెరా మూసి, విసుగు లేకుండానే చెప్పాడు. "వచ్చే ఆదివారం ఇక్కడే ఉంటాను. చెయ్యి ఇంట్లో పెట్టి రా."

చెయ్యి ఇంట్లో పెట్టి రావడం కుదరని పని. కొజుయె ఆ వారమంతా ఆలోచించి, చదువుకున్న చదువుకు తగిన ఉపాయం చేసింది. ఆదివారం పొద్దున్నే ఒంటి మీద చొక్కా ఉండగానే, దాని రెండు చేతుల అంచులనూ లంగా నడుముకు, బయటికి కనపడని కుట్టుతో కుట్టించుకుంది. కుట్టింది రిత్సుకో. ఇక ఆ చేతులు నడుము దాటి రావాలంటే గుడ్డ చిరగాలి. చూసేవాళ్ళకు మాత్రం నడుముల మీద చేతులు పెట్టుకుని ధీమాగా నిలబడ్డట్టు ఉంది. ఆమె జీవితంలో అంత ధీమాగా కనిపించిన రోజు మరొకటి లేదు.

స్టేషను గేటు మిషనులో టికెట్టు కూడా రిత్సుకోనే వేసింది. రైల్లో పట్టుకోవడానికి చేతుల్లేక కొజుయె ఊగిపోతుంటే తనే పట్టుకుంది. దిగి బయటికొచ్చాక చిన్నగా అంది.

"కొజుయెచాన్, ఇవాళ నా పుట్టినరోజు. తెలుసుగా?"

"తెలుసు."

"ఆ లంగా నేనొక్కసారి కట్టుకుంటానే."

"అది... కాస్త..." అంది కొజుయె.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం. ఈ దేశంలో ఎవరూ ఎవరికీ కుదరదని చెప్పరు. 'అది కాస్త' అని వాక్యాన్ని మధ్యలో వదిలేస్తారు. కుదరదని ఎదుటివాళ్ళే గ్రహించి, క్షమించమని తామే అడుగుతారు. ఇది ఉయ్యాలలో పిల్లలకు కూడా తెలుసు. రిత్సుకోకూ తెలుసు. కాకపోతే సగంలో వదిలేసిన వాక్యం దారిలో పడున్న గొడుగు లాంటిది, ఎవరు తీసుకుంటే వాళ్ళది.

"కాస్తసేపేలే," అని రిత్సుకో వాక్యం పూర్తి చేసింది. "మలుపుదాకా వెళ్ళి వచ్చేస్తా."

స్టేషను బాత్రూములో చిన్న కత్తెరతో కుట్లు తనే విప్పింది, గుడ్డకు ఎక్కడా దెబ్బ తగలకుండా. మంచి పనిమంతురాలు. కొజుయె రిత్సుకో లంగా కట్టుకుని, కూల్‌డ్రింకుల మిషను పక్కన నిలబడింది. అప్పుడు చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

రిత్సుకో వచ్చేటప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చింది. దూరం నుంచే చెంచాలు వినపడ్డాయి.

"నన్ను తీశాడు తెలుసా? ఆపి మరీ తీశాడు."

"చెంచాల గురించి అడిగాడా?"

"అడిగాడు. కంగారులో ఏం చెప్పానో నాకే గుర్తులేదు."

ఏం చెప్పిందో పై నెల పత్రికలో పడింది. పేజీ నిండా రిత్సుకో, పియానో మెట్లన్నీ కనపడేలా నవ్వుతూ. కింద 'చెంచాల లంగా. ఆలోచన సొంతం, కుట్టు సొంతం.' ఇందులో రిత్సుకో అబద్ధం ఆడిందనడానికి లేదు. ఆమెకు జ్ఞాపకశక్తి తక్కువ, అంతే. అది ఎప్పుడూ ఒకే వైపుకు తక్కువ.

కొజుయె ఒక ప్రతి కొని త్సుబామెకు పంపింది. తండ్రి జీవితంలో మొదటిసారి తనంతట తాను ఫోన్ చేశాడు.

"చూశాను. మెరుగు బాగా పడింది," అన్నాడు. తర్వాత, "ఆ పిల్లెవరు?" అన్నాడు.

"స్నేహితురాలు, నాన్నా."

"ఊఁ," అని పెట్టేశాడు.

ఆ పేజీని గాజు పలకలో పెట్టించి, కొన్నాళ్ళకు రిత్సుకో హరాజుకు వెనక సందులో షాపు పెట్టింది. వేయించిన రొయ్యల చెవిపోగులు, ముళ్ళు లేని చేతి గడియారాలు, శవపేటిక ఆకారంలో చేతిసంచీలు. వీటిలో చాలావాటిని ఆలోచించిందీ, లోపలి గదిలో కూర్చుని చేసిందీ కొజుయె. స్నేహితులు గనక పిలుపులు కూడా తేలిగ్గానే తేలాయి. కొజుయె రిత్సుకోను ఓనరుగారూ అనేది. రిత్సుకో మాత్రం ఎంత ఎదిగినా కొజుయెచాన్ అని ముద్దుగానే పిలిచేది, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు కూడా.

కొజుయె పేజీ సంగతి మరిచిపోలేదు. వీధిలోకి వెళ్ళడం తగ్గించిందిగానీ, నెలనెలా పత్రిక కొనేది. కుసునొకి ఆఫీసు కుర్చీకి మారిపోయి, కుర్రవాళ్ళు తిరగడం మొదలుపెట్టారు. ఓ రోజు రిత్సుకో వచ్చి, పెద్ద షాపు తెరిచాక పత్రికవాళ్ళు పనివాళ్ళందరితో కలిపి ఫోటో తీస్తామన్నారని చెప్పింది. కొజుయెకు అప్పటికి ముప్పై దాటింది. మరుసటి వారమే నకానొలో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు నోట్లోకి చూసి నిట్టూర్చాడు. "ఇంత చక్కటి ముద్దపన్ను. కుర్రాళ్ళు పడి చస్తారే. తియ్యాలా?"

"తియ్యండి."

"ఈ వయసులో తీగలు కట్టి వరస సర్దాలంటే రెండేళ్ళు పడుతుంది. నొప్పి కూడా."

"తియ్యండి."

తీశాడు. పన్నును కడిగి, పన్ను ఆకారంలోనే ఉన్న గులాబీ రంగు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతికిచ్చాడు. కొజుయె దాన్ని సూదుల పెట్టెలో దాచుకుంది. తీగల కాలమంతా గంజీ, మెత్తటి టోఫూ తిని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. షాపులో ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది కదా. తల్లికి చెప్పలేదు. పత్రిక పేజీ తీసుకెళ్ళి ఎదుట పెట్టి, ఆవిడ నోట మాట రాకుండా చేయాలని ఆశ.

తీగలు విప్పిన రోజు ఇంటికొచ్చి, తండ్రి పంపిన వాటిలో మిగిలిన చెంచా ఒకటి తీసి చూసుకుంది. వీపు వైపు వరస సరిగ్గా ఉంది. గుంట వైపు తలకిందులుగా కూడా సరిగ్గానే ఉంది. మర్నాడు పొద్దున్న నవ్వుదామనే నిశ్చయంతో షాపుకు వెళ్ళింది.

ఆమెకన్నా ముందు రిత్సుకో నవ్వింది. పియానో మెట్ల మధ్య, పై వరసలో ఎడమ పక్కన, పన్ను మీద పన్ను.

"ఎలా ఉంది? నిన్ననే అతికించుకున్నా. ఇప్పుడు అమ్మాయిలంతా డాక్టర్ల దగ్గర వరస కట్టి మరీ పెట్టించుకుంటున్నారు. తీగ లేదు, నొప్పి లేదు, ఊరికే జిగురు. నిన్ను చూసే ఆశ పుట్టిందనుకో." రిత్సుకో ఆగి, మొహం దగ్గరికి తెచ్చింది. "అదేంటి, నీదేదీ?"

"తీయించేశానండీ."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

రిత్సుకో నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో కొజుయెచాన్. ఇప్పుడా తీయించుకునేది?"

అందమనేది ఆ ఏడు ఎడమ పక్కకు ఒరిగింది. కాలేజీ పిల్లలు, పాటలు పాడే పిల్లలు, షాపుల్లో నిలబడే పిల్లలు, అందరికీ దేవుడు మరిచిపోయిన పన్ను ఒకటి కావలసి వచ్చింది. రిత్సుకో తన ముక్కుతో గాలి పసిగట్టి, డాక్టరు అవసరం లేకుండా ఎవరికి వాళ్ళే తొడుక్కునే తొడుగుపన్ను ఒకటి షాపులో పెట్టాలనుకుంది. తనది డాక్టరు అచ్చులో పోసిన బొమ్మపన్ను. అచ్చు తీయడానికి అసలైనది కావాలి.

"నీ పాత ఫోటో ఒకటి తీసుకురా. పన్ను బాగా కనపడేది."

కొజుయె ఇల్లంతా వెతికింది. బడి ఫోటోలు, ఇరవయ్యో ఏట కిమోనో కట్టుకుని తీయించుకున్నది, షాపు పిక్నిక్‌లు. అన్నిట్లోనూ కళ్ళున్నాయి, ముక్కుంది, దాని కింద చెయ్యి ఉంది. ఈ మనిషికి ముప్పై ఏళ్ళపాటు నోరే లేదని ఏ కోర్టులోనైనా వాదించి గెలవచ్చు.

"ఫోటో లేదండీ," అంది. తర్వాత, ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు, "పన్నే ఉంది," అంది.

గులాబీ డబ్బా చూసి రిత్సుకో కళ్ళు మెరిశాయి. "ఇది నాకివ్వవే."

"అది... కాస్త..."

"కాస్త రోజులేలే. అచ్చు తీసి ఇచ్చేస్తా."

తొడుగుపళ్ళు బాగా అమ్ముడుపోయాయి. ఒక్కోదాన్ని చిన్న అట్టకు గుచ్చి పెట్టారు. అట్ట మీద 'మా ఓనరు కన్నెవయసు పంటికి అచ్చు' అని ముద్రించారు. డబ్బా తిరిగి రాలేదు. ఒకసారి అడిగితే, "ఇచ్చేశాను కదే," అంది రిత్సుకో. ఆ మాట నిజమనే ఆమె నమ్మకం.

అదే సందులో పెద్ద షాపు తెరిచాక, అన్నట్టే పత్రికవాళ్ళు వస్తామన్నారు. కుర్రవాళ్ళందరూ ఉద్యోగాలు మానేసి పోవడంతో కుసునొకే స్వయంగా వచ్చాడు. జుట్టు నెరిసింది, మోకాలు వంగడం లేదు. పనివాళ్ళందరి ఫోటో ఊసు ఎవరూ ఎత్తలేదు. పేజీకొక మనిషి అనేది వాళ్ళ పద్ధతి. ఆ మనిషి రిత్సుకో. సందులో వెలుతురు చాలదని కుసునొకి చుట్టూ చూసి, గుమ్మంలో నిలబడ్డ కొజుయె చేతికి తెల్ల అట్ట ఒకటి ఇచ్చాడు.

"ఇది పట్టుకోండి. ఎండ ఈ అట్ట మీద పడి ఆవిడ మొహం మీదకు పోవాలి. అంతే."

కొజుయె పట్టుకుంది. వెలుతురు వెళ్ళి, జిగురు పన్ను తీసి షాపు తొడుగుపన్ను తొడుక్కున్న రిత్సుకో మొహం మీద వాలింది. రిత్సుకో నవ్వింది. కుసునొకి కెమెరాలోంచి చూసి, తల బయటపెట్టి, మళ్ళీ చూశాడు.

"ఈ పన్ను నేనెక్కడో చూశాను."

"నాదేనండీ," అంది రిత్సుకో. "మీరు నన్ను తీశారు కదా. చెంచాల లంగాలో. గుర్తులేదూ?"

"మిమ్మల్ని తీశాను. గుర్తుంది. అప్పుడు మీకీ పన్ను లేదు." ముసలాయన మోకాలు రుద్దుకున్నాడు. "ముందు వారం ఆ చెంచాలే వేరే పిల్ల ఒంటి మీద చూశాను. ఆ క్రేపుల మలుపులో నవ్వుతూ వచ్చింది. పన్ను ఇలాగే ఉండేది. నేను ఆపింది చెంచాలు చూసి కాదు, ఆ పన్ను చూసి. అలాంటి నవ్వు నాకు మళ్ళీ ఆ వీధిలో దొరకలేదు. ఏం లాభం, చచ్చినా చెయ్యి తియ్యలేదు. తర్వాత కొన్ని వారాలు అక్కడే కాపు కాశాను కూడా. రాలేదు."

"ఎవరో పాపం," అంది రిత్సుకో.

అట్ట కదిలింది. రిత్సుకో మొహం మీది వెలుతురు జారి గోడ మీద పడింది.

"అట్ట, అట్ట," అంటూ కుసునొకి వెనక్కి తిరిగాడు. కొజుయె ఒక చేత్తోనే అట్ట పట్టుకుని ఉంది. రెండో చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. నవ్వుతోందో, ఏడుస్తోందో పైభాగం చూసి చెప్పడం కష్టం.

ముసలాయన ఆ చేతిని చూశాడు. చాలాసేపు చూశాడు. మొహాలు మారతాయి గానీ, చేతులు అంతగా మారవు.

"నువ్వా అమ్మాయ్," అన్నాడు మెల్లగా. కెమెరా కంటికి ఆనించాడు. "చెయ్యి తియ్యి."

కొజుయె చెయ్యి తీసింది. ఈసారి నవ్వు దిగిపోలేదు. అంతా నిండుగా, ఎక్కడా వంక లేకుండా, వరసగా నిలబడింది.

కుసునొకి చూస్తూనే ఉన్నాడు. మీట నొక్కిన చప్పుడు రాలేదు. కాసేపటికి కెమెరా దించాడు.

"చాలా బాగా సర్దారండీ," అన్నాడు. ఇందాకటి నువ్వు మళ్ళీ మీరు అయింది. "నొప్పి భరించి ఉంటారు."

"లేదండీ," అంది కొజుయె.

"అట్ట కాస్త పైకి."

కొజుయె అట్ట కాస్త పైకి ఎత్తింది.

పై నెల పత్రికలో పేజీ నిండా రిత్సుకో వచ్చింది. ఆ ఎడమ అంచున, తెల్ల అట్టను పట్టుకున్న నాలుగు వేళ్ళు కూడా వచ్చాయి. పేరు వేయడానికి అవి చాలవు.

పంపాలా వద్దా అని ఆలోచించి, కొజుయె ఒక ప్రతి త్సుబామెకు పంపింది. ఈసారి ఫోన్ చేసింది తల్లి.

"వచ్చిందే పత్రిక. ఆ అంచున ఉన్నవి నీ వేళ్ళేనట. మీ నాన్న గుర్తుపట్టాడు. సూది గుచ్చుకున్న మచ్చ చూసి."

"అవునమ్మా."

"మొహం పడలేదు పోనీ. పన్ను కనపడేది, నలుగురూ నాలుగు మాటలనేవాళ్ళు."

కొజుయె చెప్పడానికి నోరు తెరిచింది. నవ్వు వచ్చింది.

"నవ్వుతున్నావా?" అంది తొమియొ. "చెయ్యి అడ్డం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానమ్మా," అంది కొజుయె.